పసుపు కంటే ముందు టేపు

సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన చచ్చిన తాబేళ్లను లెక్కపెట్టడం నా ఉద్యోగం. ఆటోలో ఎవరైనా ఏం చేస్తున్నావని అడిగితే మొదట్లో "రీసెర్చి" అని చెప్పేదాన్ని. అడిగినవాళ్లు అక్కడితో ఊరుకోరు కదా. దేని మీద అంటారు. తాబేళ్ల మీద అంటే నవ్వుతారు. చచ్చినవాటి మీద అంటే కొంచెం అవతలికి జరిగి కూర్చుంటారు. ఇరుకు ఆటోలో అది నాకు లాభమే.

మా ఊరు రాజయ్యపేటకు దగ్గరే. ఇంటి వెనక తలుపు తీస్తే సరుగుడు తోట, తోట దాటితే ఇసుక, ఆ తర్వాత సముద్రం. పదో తరగతి పాసై ఇంటర్‌లో ఒక ఏడాది చదివి మానేశాను. ఎందుకు మానేశావంటే పెద్ద కథేమీ లేదు. కాలేజీ బస్సు కంటే రొయ్యల కంపెనీ బస్సు మా ఊరికి ముందు వచ్చేది, నాతో చదివిన పిల్లలంతా అదే ఎక్కేసేవాళ్లు. రెండేళ్లు రొయ్యల తలలు తీశాను. ఐసు నీళ్లలో చేతులు మొద్దుబారిపోయేవి కానీ నోరు మాత్రం ఆగేది కాదు. నన్ను ఏ టేబుల్ దగ్గర నిలబెట్టినా అక్కడ పని నెమ్మదిస్తోందని సూపర్‌వైజర్ రెండుసార్లు చోటు మార్చాడు.

మేడమ్ మా ఊరు వచ్చింది ఆ రోజుల్లోనే. ఆవిడ జీవావరణ శాస్త్రవేత్త. ఆ మాట నాకు నోరు తిరగడానికి వారం పట్టింది. మా ఊళ్లో ఎవరికీ తిరగలేదు, తాబేళ్ల మేడమ్ అనేశారు. యాభై దాటిన మనిషి, తల మీద గుడ్డ టోపీ, కుడి మోకాలు సరిగా వంగదు. పొద్దున్నే ఒడ్డున నడవగలిగి, చూసింది రాయగలిగే వాళ్లెవరైనా ఉన్నారా అని రేవు దగ్గర అడిగితే మా వాళ్లంతా కలిసి నన్ను ముందుకు తోసేశారు. మేడమ్ నా మార్కులు అడగలేదు. పొద్దుట లేచిన దగ్గర్నుంచి ఏమేం చూశావో చెప్పమన్నారు. నేను చెప్పడం మొదలుపెట్టాను. కంపెనీ బస్సు వచ్చి, హారన్ కొట్టి, వెళ్లిపోయింది. నేనింకా చెబుతూనే ఉన్నాను. మర్నాటి నుంచి పనిలో చేరమన్నారు.

పనంటే ఇది. చలికాలం మొదలైన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా రోజూ తెల్లవారగానే ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర బయల్దేరి రాళ్ల దిబ్బ దాకా ఒడ్డు వెంట నడవాలి. చచ్చిన తాబేలు కనిపిస్తే డిప్ప పొడవు, వెడల్పు టేపుతో కొలవాలి. తోక పొడుగ్గా ఉంటే మగది, పొట్టిగా ఉంటే ఆడది. ఎన్నాళ్ల కిందట చచ్చిందో చూసి నంబరు వెయ్యాలి. ఒకటంటే తాజాది, నాలుగంటే ఎముకలు మాత్రమే. మెడ దగ్గర వల తాడు కోసుకున్న గుర్తుంటే రాయాలి. ఆఖరున డిప్ప మీద రంగుతో గీత గియ్యాలి, మర్నాడు దాన్నే మళ్లీ లెక్కపెట్టకుండా. మొదటి వారం అన్నం సయించలేదు. తర్వాత అలవాటైపోయింది.

నాలుగు రోజులకొకసారి మేడమ్ అనకాపల్లి నుంచి వచ్చి నాతోపాటు నడిచేవారు. ఆవిడ కథంతా అలా నడకలోనే విన్నాను. పుట్టింది కృష్ణా జిల్లా వైపు, సముద్రం లేని ఊళ్లో. చదువుకోవడానికి విదేశం వెళ్లి, మొదటి ఉద్యోగంలో ఒక చిన్న దీవిలో నాలుగేళ్లు తాబేలు గుడ్లు లెక్కపెట్టారు. ఆ తర్వాత ఆఫ్రికా ఒడ్డు, అమెరికా ఖండం నడుం దగ్గర సన్నగా ఉండే దేశాలు, ఒరిస్సా. ఒక ఒడ్డున దొరికిన లెక్కను ఇంకో ఒడ్డు లెక్క పక్కన పెట్టి, ఏ దేశంలో ఎంత నష్టమవుతోందో రాయడం ఆవిడ పని. ఆ రాసినదాన్ని చదివి పెద్దవాళ్లు ఏ సముద్రంలో ఏ వల ఆపాలో నిర్ణయిస్తారట.

"ఇంట్లోవాళ్లు పెళ్లి మాట ఎత్తిన ప్రతిసారీ నాకు కొత్త ప్రాజెక్టు వచ్చేది. చివరికి వాళ్లే అలిసిపోయారు" అన్నారు ఒకసారి.

"ముప్పై ఏళ్లు లెక్కపెట్టేరు కదండి, మరి తగ్గేయా సావులు?" అని అడిగాను.

"ఎక్కడా తగ్గలేదు. నేను వెళ్లిన ప్రతి మీటింగుకీ చెడ్డ కబురే పట్టుకెళ్లాను."

"మరెందుకండి లెక్కెట్టడం?"

"లెక్క లేకపోతే చచ్చాయని కూడా ఎవరూ ఒప్పుకోరమ్మాయ్."

మొదటి సీజన్‌లో నా ఒడ్డున చాలా తాబేళ్లు పడ్డాయి. కొన్నిటి తల మీద పసుపు ఉండేది. మా వాళ్లకు తాబేలంటే దేవుడు, చచ్చింది కనిపిస్తే చిటికెడు పసుపు పెట్టి దణ్ణం పెట్టుకుని వెళ్లిపోతారు. మేడమ్ అది చూసి నవ్వుకుని ఫోటో తీసుకునేవారు. ఎవరి వలలో చిక్కి చచ్చిందో తెలిస్తే అతను మర్నాడు వేటకు వెళ్లడు. అదీ మా ఊరి పద్ధతే.

ఆ సీజన్ చివర్లో మేడమ్ రేవు దగ్గర షామియానా వేయించి ఊరందరికీ మీటింగ్ పెట్టారు. తాబేలు వచ్చే కాలంలో ఒడ్డు దగ్గర వలలు వేసి వదిలేయొద్దని, వేసిన వల కాసేపటికోసారి చూసుకుంటే చిక్కినది బతికుండగానే తీసేయొచ్చని చెప్పారు. మగవాళ్లు తలలూపారు. ఆడవాళ్లు వెనక కూర్చుని టీ తాగుతున్నారు. అప్పుడు మేడమ్ ఇంకో మాట చెప్పారు. ఈ తాబేలు ఏ తీరాన పుడుతుందో, పెద్దదయ్యాక ఎన్ని సముద్రాలు తిరిగినా గుడ్లు పెట్టే వేళకు మళ్లీ ఆ తీరానికే వస్తుందని.

మా పెద్దమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. పెద్దమ్మంటే మా అమ్మకు అక్క, మా వాడలో ఆడవాళ్లందరికీ పెద్ద దిక్కు.

"అంటే ఏటమ్మా, పురిటికి పుట్టింటికొచ్చినట్టా?" అని గట్టిగా అడిగింది.

మేడమ్ మొహం వెలిగిపోయింది. "అచ్చం అలాగే! ఇన్నేళ్లుగా చెబుతున్నాను కానీ ఇంత బాగా చెప్పడం నాకు చేతకాలేదు" అని ఆ మాట నోటుబుక్కులో రాసుకున్నారు కూడా.

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మీటింగ్ అయిపోయింది.

తర్వాతి సీజన్‌లో నా షీటు మీద లెక్క తగ్గింది. చాలా తగ్గింది. కొన్ని వారాలు వరసగా సున్నాలే రాశాను. ఆ తర్వాతి సీజన్‌లోనూ అంతే. ఎండెక్కాక ఒడ్డెక్కినవి, ముట్టుకోవడానికి వీల్లేకుండా కుళ్లినవి, ఊరికి దూరంగా రాళ్ల దిబ్బ వైపు పడినవి, అవే కనిపించేవి.

ఇక్కడొక విషయం చెప్పాలి. తోట అంచున ఇసుక గుట్టలు పెరుగుతున్నాయని నాకు తెలుసు. రోజూ వాటి పక్క నుంచే నడిచేదాన్ని. మీటింగ్ తర్వాత మా ఆడవాళ్లు చచ్చిన తాబేలును ఒడ్డున వదిలేయడం మానేశారు. చీకటి విచ్చగానే ఒడ్డుకు వెళ్లేది వాళ్లే. తాబేలు కనిపిస్తే పసుపు రాసి, కుంకుమ పెట్టి, రవిక గుడ్డ కప్పి, కొబ్బరికాయ కొట్టి, అలలు అందని చోట గొయ్యి తీసి పాతిపెట్టేవాళ్లు. మా అమ్మా వెళ్లేది. గునపం మాదే. నేను టేపు పట్టుకుని బయల్దేరేసరికి వాళ్లు కాళ్లు కడుక్కుని ఎదురొచ్చేవాళ్లు.

తెలిసీ ఎందుకు రాయలేదంటే, దాచాలని కాదు. షీటు మీద ఒడ్డున పడి ఉన్నవి అని ఉంది. పాతిపెట్టింది పడి లేదు కదా. అంతకంటే ముఖ్యం, మా ఇళ్లల్లో మనిషికి చెయ్యాల్సినవన్నీ చేసి మట్టి చేశాక ఇంక ఆ మనిషి పని అయిపోయినట్టే. తల్లి చేతుల మీదుగా వెళ్లిపోయినదాన్ని కంపు కొడుతూ దిక్కులేక పడున్నవాటితో కలిపి ఒకే కాగితం మీద రాయాలని నాకు తోచనేలేదు. ఇప్పుడు చెబుతుంటే నాకే వింతగా ఉంది. అప్పుడు మాత్రం ఒక్కరోజు కూడా అనుమానం రాలేదు.

మూడో సీజన్ అయ్యాక, షీట్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి అనకాపల్లి వెళ్లాను. మేడమ్ ఒక బెల్లం వ్యాపారుల ఇంట్లో మేడ మీద వాటా అద్దెకు తీసుకున్నారు. ఇంటావిడకు మా వాసనంటే హడల్. నేను గేటు తియ్యగానే కింద నుంచే కేకేసేది.

"ఏమ్మా, ఈసారి సంచీలో ఎముకలేం తేలేదు కదా? పూజ చేసుకుంటున్నానూ!"

"లేదండి, కాయితాలేనండి."

"కాయితాలకీ అదే కంపు. తిన్నగా పైకి పో."

పైన మేడమ్ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నారు. నన్ను పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, ఇంటావిడ ఇచ్చిన బెల్లం ముక్క చేతిలో పెట్టి, తెర మీద ఒక గీత చూపించారు. ఎడమ పక్క ఎత్తులో మొదలై కుడి పక్కకు జారిపోయింది.

"ఇది మీ ఊరు" అన్నారు. దాని పైన ఇంకో గీత ఉంది, అది జారలేదు. "ఇది ఏటికి అవతలి ఒడ్డు, వేరేవాళ్లు లెక్కపెడుతున్నది. అక్కడ మనం మీటింగ్ పెట్టలేదు. పెట్టని చోట తగ్గలేదు, పెట్టిన చోట తగ్గింది. చూశావా?"

"బాగుందండి!"

"బాగుందా? నా జీవితంలో కిందికి దిగిన గీత ఇదొక్కటే." ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పది రోజుల్లో విదేశంలో పెద్ద మీటింగ్ ఉందని, చాలా దేశాల నుంచి వస్తారని, మీ ఊరి జాలర్లు చేసింది అందరికీ చూపిస్తానని, వలలు ఆపనక్కర్లేకుండా, జాలర్లతో కూర్చుని మాట్లాడితే చాలని ఇన్నాళ్లకు రుజువు దొరికిందని చెప్పారు. ఇంకో మూడు దేశాల్లో ఇదే పద్ధతి పెట్టించాలని ఆవిడ ఆలోచన. నాక్కూడా ఏడుపొచ్చినంత పనైంది. నోట్లో బెల్లం ఉంది కాబట్టి సరిపోయింది.

నక్కపల్లి దాకా బస్సులో పక్క సీటావిడకు ఇదంతా చెప్పుకుంటూ వచ్చాను. ఇంటికి వచ్చేసరికి పెద్దమ్మ మా అరుగు మీద చేపలు తోముతోంది.

"ఏటే గుంటా, మొకం ఎలిగిపోతన్నాది? జీతం పెంచేరేటి?"

"కాదే పెద్దమ్మా. మనూరి కాడ తాబేళ్లు సావడం తగ్గిపోనాదంట. మేడమ్ గారు ఇమానమెక్కి అన్ని దేశాలోల్లకీ సెప్తారంట."

"తగ్గిపోనాదా? ఎవులు సెప్పేరు?"

"నేనే. లెక్కెడతన్నది నేనే కదేటి!"

పెద్దమ్మ చేప పక్కన పడేసి నవ్వింది. "ఓలమ్మా! మరి శివరేత్రికి ముందు నేనూ మీ యమ్మా పాతిందేటే? గుమ్మడికాయా?"

నేనూ నవ్వాను. సగం నవ్వి ఆగిపోయాను.

"పెద్దమ్మా, ఈయేడు ఎన్ని పాతేరే?"

"లెక్కెడతామేటి? ఇంటి ఆడపిల్లలు పురిటికొచ్చి పోతే, కుక్కలకొగ్గీకండా సాగనంపేం. ఆ మేడమ్మే కదా సెప్పింది, పుట్టింటికొత్తాయని. తెలీనప్పుడు వేరు. తెలిసాక అలగొగ్గీగలమా?"

ముందులా ఒడ్డునే ఉండుంటే నా షీటు మీద ఎన్ని పడేవో అప్పుడు అర్థమైంది. తాబేళ్లు చావడం తగ్గలేదు. మేడమ్ చెప్పిన మాట విని మా ఆడవాళ్లు పాతడం మొదలుపెట్టారు, పాతినవాటిని నేను రాయలేదు. ఆ జారిన గీత నా సున్నాలతో గీసింది.

"నేనెల్లి మేడమ్ గారికి సెప్పీయాలి" అన్నాను.

పెద్దమ్మ నవ్వు పోయింది. "సెప్పీసి? ఆ మధ్యన ఫారెస్టోళ్ల జీపొచ్చి తాబేలు సచ్చింది ఎవుల వలలోనని పదిమందిని నిలబెట్టి అడిగేరు, మర్సిపోయేవా? రేపు ఆ గుట్టలు సూపించీవంటే మనింటి ముందే ఆగద్ది. గునపం మనదే. పాతింది మీ యమ్మ. ఏటి సేత్తావ్ అప్పుడు?"

నిజంగానే భయం వేసింది. తాబేలును వలలో చంపితే కేసని అందరికీ తెలుసు. పాతితే కేసో కాదో మాలో ఎవరికీ తెలీదు. అమ్మ గునపం తీసుకెళ్లి దూలం మీద పెట్టింది.

రెండు రోజులు ఇంట్లోనే తిరిగాను. చెప్పకపోతే ఏమవుతుందని లెక్కలేసుకున్నాను. మేడమ్ సంతోషంగా వెళ్తారు, సంతోషంగా వస్తారు. నా ఉద్యోగం ఉంటుంది. మా అమ్మ జోలికి ఎవరూ రారు. కానీ ఆవిడ ఈ పద్ధతి పట్టుకెళ్లి ఇంకో మూడు దేశాల్లో పెడితే, అక్కడివాళ్లు వలలు ఆపకుండా మీటింగులతో సరిపెట్టుకుంటే, అక్కడ తాబేళ్లు చస్తూనే ఉంటాయి. దానికి రుజువుగా నా షీటు చూపిస్తారు. మూడో రోజు పొద్దున్నే అమ్మతో మాత్రం చెప్పి అనకాపల్లి బస్సెక్కాను. అమ్మ "ఎవుల పేర్లూ సెప్పకు" అంది. అంతే.

మేడమ్ బట్టలు ఇస్త్రీ చేసుకుంటున్నారు.

"ఏంటమ్మాయ్, కబురు లేకుండా వచ్చావ్?"

"ఒక మాట సెప్పాలండి. కూకోండి." ఎప్పుడూ ఆవిడ ముందు కొంచెం సర్దుకుని మాట్లాడేదాన్ని, ఆ రోజు ఏదీ రాలేదు. "మా ఊళ్లో తాబేళ్లు సస్తన్నాయండి. ఎప్పట్లాగే సస్తన్నాయి. మావోళ్లు తెల్లారకముందే పాతీసేరు. నాను రాయలేదు."

ఆవిడ ఇస్త్రీ పెట్టె నిలబెట్టారు. ప్లగ్గు తీశారు.

"ఎప్పటి నుంచి?"

"మీరు మీటింగెట్టిన కాణ్ణించండి. పుట్టింటికొత్తాయని సెప్పేరు కదండి. ఇంటి ఆడపిల్లలనుకుని పాతీసేరు."

ఆవిడ తిడతారనుకున్నాను. తిట్టలేదు. లేచి వెళ్లి అరలోంచి పాత నోటుబుక్కు తీసి, పేజీలు తిప్పి, పురిటికి పుట్టింటికి అని ఆవిడ రాసుకున్న చోట వేలు పెట్టి చాలాసేపు చూశారు. తర్వాత మేడ మీద పిట్టగోడ దగ్గరకు వెళ్లి నిలబడ్డారు. కింద ఇంటావిడ ఎవరితోనో ఫోన్‌లో గట్టిగా మాట్లాడుతోంది. నేను ఇస్త్రీ చెయ్యని చీర మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టాను.

లోపలికి వచ్చి "ఆ గుట్టలు నేనూ చూశాను" అన్నారు. "నీతో పాటే నడిచాను కదా. గాలికి పోగైన ఇసుక అనుకున్నాను. అడగలేదు."

"మరిప్పుడెలాగండి?"

"వాళ్లు నాతో మాట్లాడతారా?"

"కేసెడతారని బయ్యం అండి వాళ్లకి."

"పేర్లు వద్దని చెప్పు. ఎవరి వలో వద్దు, ఎవరు పాతారో వద్దు. ఏ రోజో చెబితే చాలు."

ఆ మధ్యాహ్నమే ఇద్దరం ఊరికి వచ్చాం. పెద్దమ్మ వాకిట్లో మంచం వేసింది కానీ కూర్చోమనలేదు. మేడమ్ మోకాలు పట్టుకుని నేల మీదే కూర్చున్నారు. అది చూసి పెద్దమ్మ కొంచెం మెత్తబడింది.

"మేం తప్పు సేసేమా అమ్మా? సెప్పు."

"మీరు తప్పు చెయ్యలేదు. నేను సగం చెప్పాను, సగం అడగలేదు."

"గుట్టలు తవ్వుతారేటి?"

"తవ్వను."

"ఉప్మాక ఎంకన్న మీద ఒట్టెయ్యి."

మేడమ్ ఒట్టు వేశారు. ఆవిడ ఏ దేవుడికీ దణ్ణం పెట్టగా నేనెప్పుడూ చూడలేదు, కానీ పెద్దమ్మ తల మీద చెయ్యి పెట్టబోతే పెద్దమ్మే "నా తలెందుకు, నీ తల మీదేసుకో" అంది. అందరూ నవ్వారు. ఆ తర్వాత పని తేలికైంది.

ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. వాళ్లకు తారీఖులు తెలియవు. అమావాస్యకు రెండ్రోజుల ముందు, ఏకాదశి నాడు, ఫలానా ఇంట పిల్లకు అన్నప్రాసన అయిన మర్నాడు, అలా చెప్పారు. నేను క్యాలెండర్ పట్టుకుని తారీఖులు వేశాను. సరిచూడ్డానికి మేడమ్‌కు ఒక దారి దొరికింది. తాబేలు చచ్చిన వల వాళ్లు మర్నాడు వేటకు వెళ్లరు కదా. ఏ రోజు ఏదో ఒక పడవ రేవులో ఆగిపోయిందో మగవాళ్లకు గుర్తుంది, ఎందుకు ఆగిందో చెప్పనక్కర్లేకుండా. ఆ రోజులూ ఈ రోజులూ చాలావరకు కలిశాయి. కలవనివి కూడా ఉన్నాయి, వాటిని మేడమ్ వదిలేశారు. మా పిన్ని ఒకావిడ పాతినవాటికంటే ఎక్కువే చెప్పిందని నాకిప్పటికీ అనుమానం. ఆవిడకు పోటీ ఎక్కువ.

సాయంత్రం దాకా కూర్చుని మేడమ్ కొత్త గీత గీశారు. నేను కళ్లతో చూసి రాసినవి మామూలు గీత. ఆడవాళ్లు చెప్పినవి కలిపితే వచ్చేది చుక్కల గీత. జారిపోయిన గీత మీదుగా చుక్కలు లేచి, అవతలి ఒడ్డు గీతకు కొంచెం కిందగా వెళ్లి ఆగాయి.

"కొంచెం తగ్గినట్టేనా అండి?" ఆశగా అడిగాను.

"చెప్పలేం. తగ్గి ఉండొచ్చు, ఒకటి రెండు మర్చిపోయి ఉండొచ్చు." ల్యాప్‌టాప్ మూశారు. "తగ్గిందని మాత్రం చెప్పకూడదు."

ఇంకో ఒప్పందం మిగిలింది. వచ్చే సీజన్ నుంచి పాతేముందు నన్ను పిలవాలని మేడమ్ అడిగారు. పెద్దమ్మ ఒప్పుకోలేదు. పసుపు రాశాక కొలతలేమిటి, ఒంటి మీద రంగు గీతలేమిటి అంది. చివరికి బేరం ఇలా తెగింది. పసుపు కంటే ముందు టేపు. రంగు వెయ్యకూడదు, పాతేస్తారు కాబట్టి ఆ అవసరమూ లేదు. నేను వాళ్లతో పాటే లేవాలి. లేవకపోతే ఆగరు.

"ఇది లెగుద్దేటి? మూడుసార్లు పిలిత్తే గానీ తలుపు తీయదు" అంది మా అమ్మ, అందరి ముందూ.

మేడమ్ విదేశం వెళ్లి చుక్కల గీతే చూపించారు. "ఈ లెక్కను నేను తప్పు చదివాను, ఎందుకు తప్పు చదివానో చెబుతాను" అని మొదలుపెట్టానని తర్వాత నాతో చెప్పారు. మూడు దేశాల పథకం ఆగిపోయింది. మా ఒడ్డు పనికి ఒక్క సీజన్‌కే అనుమతి వచ్చింది, ఆ తర్వాత సంగతి తర్వాత అన్నారట. ఆవిడ దాని గురించి బాధపడ్డట్టు నాకు కనిపించలేదు, కనిపించకుండా బాధపడే మనిషే కాబట్టి నమ్మకంగా చెప్పలేను.

ఆ సీజన్ మొదట్లో నేనూ ఆడవాళ్లతో వెళ్లాను. మొదటిదాన్ని కొలిచి తోక చూస్తే పొడుగ్గా ఉంది.

"పెద్దమ్మా, ఇది మగదే."

రవిక గుడ్డ విప్పుతున్న పెద్దమ్మ చెయ్యి ఆగింది. "మగదా? మరిన్నాళ్లూ ఎన్ని మగోళ్లకి రవికలు కప్పీసేమో!" కాసేపు ఆలోచించి, "అల్లుడనుకో. పోయి తువ్వాలట్టుకురా" అంది.

మేడమ్‌ను ఇబ్బంది పెట్టింది వేరే ప్రశ్న. ఆ పెద్ద మీటింగులో ఎవరో లేచి, మీరు ముప్పై ఏళ్లుగా లెక్కపెట్టిన మిగతా ఒడ్డుల మాటేమిటి, అక్కడ కూడా ఎవరైనా తీసేస్తున్నారేమో మీకెలా తెలుసు అని అడిగారట. తెలీదని చెప్పారట. వచ్చిన దగ్గర్నుంచి పాత ఊళ్లన్నిటికీ, అప్పట్లో తనతో నడిచినవాళ్లకు, ఉత్తరాలు రాయాలని కూర్చున్నారు. నేను షీట్లు ఇవ్వడానికి అనకాపల్లి వెళ్లినప్పుడు రాసింది తెలుగులో చదివి వినిపించారు.

"మీ తీరంలో చచ్చిన తాబేళ్లను తొలగించే అలవాటు స్థానికులకు ఉందా?"

"ఇలా అడిగితే మా పెద్దమ్మ లేదనే సెప్తాదండి" అన్నాను.

"అబద్ధం చెబుతుందా?"

"అబద్ధం కాదండి. తొలగించడమంటే చెత్త తీసేసినట్టు. ఆవిడ అలాటిదేటీ సెయ్యలేదు కదా."

మేడమ్ కళ్లజోడు పైకి తోసి నా వైపు తిరిగారు. "అయితే నువ్వు చెప్పు. ఎలా అడగాలి?"

నాకు ఆ దేశాలేవీ తెలియవు. అక్కడి ఆడవాళ్లు ఏం కడతారో, ఏం వండుతారో, వాళ్ల దేవుళ్లెవరో తెలియదు. మా ఊళ్లో అయితే ఎలా బయటపడేదో అది మాత్రం ఆలోచించాను.

"తాబేళ్ల గురించి తర్వాత అడగండి. ముందు, మీ ఊళ్లో పొద్దున్న అందరికంటే ముందు ఒడ్డుకెల్లేది ఎవరూ అనడగండి. తర్వాత, వాళ్లతో మాటాడించమనండి."

ఆవిడ రాసింది కొట్టేసి, నేను చెప్పింది ఇంగ్లీషులో కొట్టారు. చిన్న వాక్యమే అయింది. ఒకసారి పైకి చదివి, ఆ దీవి నుంచి మొదలుపెట్టి ఒక్కో అడ్రసుకీ పంపడం మొదలుపెట్టారు. కింద ఇంటావిడ భోజనాల వేళయిందని రెండుసార్లు పిలిచింది. మేమింకా ఆఫ్రికా దాకా రాలేదు.